మోటారు రేకుల పొందిక



చరిత్ర యన్నంతనే రాజులును, కోటలును, యుద్ధములును మనస్సునకు వచ్చుట పరిపాటి. నేను నివసించు శృంగవరపుకోట పేరులోనే కోట యున్నది గనుక, ఈ పంతులు నేడు పూసపాటివారి సంగతియో పుణ్యగిరి మాహాత్మ్యమో చెప్పునని మీరనుకొనవచ్చును. నేను చెప్పబోవునది ఒక తలుపు చరిత్ర. అది కోట తలుపు కాదు, గుడి తలుపును కాదు. మోటారుబండి తలుపు. ఒకప్పుడు మా ఊరి బస్సునిలయమున బస్సు పైకప్పునుండి త్రాళ్లతో దింపించి, రిక్షాలో నిలువుగా నిలిపి, నేనే చేతితో పట్టుకొని ఇంటికి చేర్చిన తలుపు. దాని మూలమును వెదకుచు పోగా పారిసు నగరమువరకును, ఇంగ్లండువరకును, కలకత్తా చేరువనున్న ఉత్తరపారావరకును పోవలసివచ్చినది.

మొదట జరిగిన సంగతి విన్నవించెదను. 1994వ సంవత్సరము వేసవి. అప్పటికి నేనింకను పాఠశాలలో తెలుగు చెప్పుచుంటిని. నా మేనల్లుడొకడు 1985లో తయారైన పాత మారుతీ 800 బండి నొకదానిని కొని అద్దెకు త్రిప్పుచుండెను. రోగులను విశాఖపట్టణము ఆసుపత్రులకు చేర్చుట, యాత్రికులను అరకు చూపించి తెచ్చుట వాని వృత్తి. మా ఊరు దాటి కొంతదూరము పోయిన పిమ్మట కొండదారి మొదలగును. ఆ మలుపులు మీలో చాలమందికి తెలిసినవే. ఒక మలుపున వెనుకకు జారిన లారీ వాని బండి కుడివైపు ముందు తలుపును నొక్కివేసినది. దైవానుగ్రహమున ఎవరికిని దెబ్బ తగులలేదు. తలుపు మాత్రము చిరిగిపోయి, సుత్తితో సరిచేయుటకు వీలులేని స్థితికి వచ్చెను.

క్రొత్త తలుపు కొనుటకు వానికి శక్తి లేదు. బండి నిలిచిన ప్రతి దినమును బత్తెము నిలిచిన దినమే. భార్య చేతి గాజుల జత కుదువబెట్టి, విశాఖపట్టణములో పాత సామానుల దుకాణమొకదానికి పోయి, "మారుతీ ఎనిమిదివందల బండికి కుడి ముందు తలుపు" అని అడిగి, ఎఱ్ఱని తలుపొకటి బేరమాడి తెచ్చెను. చూచుటకు ముచ్చటగా నుండెను. తుప్పు లేదు, సొట్ట లేదు. మా వీధి టింకరు దానిని బండికి ఆనించి చూచి, నోరుమెదపక క్రింద దింపి, కొలత టేపు తెచ్చెను. బందుల రంధ్రములు కలియలేదు. పై చట్టము వాలు వేఱు. క్రింది అంచు ఒకచోట లోపలికిని, ఒకచోట బయటికిని పోవుచుండెను.

దుకాణదారుడు అమ్మిన వస్తువును మరల తీసికొననన్నాడు. మేనల్లుడు నా యెదుట కూలబడి, "మావయ్యా, పేరొకటే, కంపెనీ ఒకటే, ఇంజను కూడా ఒకటే గదా, తలుపెందుకు పట్టదు?" అని అడిగెను. సంధులు సమాసములు చెప్పి బ్రతుకువాడను; ఆ ప్రశ్నకు నా యొద్ద జవాబు లేకపోయెను. తరువాత చాలకాలము దానినే చదివితిని. నేటి ప్రసంగము ఆ జవాబు.

మన ఎడ్లబండి సంగతితో మొదలుపెట్టెదను. వడ్రంగి బండిచక్రము చేయునపుడు కుంభిని తొలుచును, ఆకులు దిగగొట్టును, పూటీలు చుట్టును, కమ్మరి ఎఱ్ఱగా కాల్చిన ఇనుపపట్టా తొడిగి నీరుపోయును. ఆ కుంభి రంధ్రము ఆ బండి ఇరుసుకు సరిపడునట్లు తొలిచినదే కాని, లోకములోని ఇరుసులన్నిటికిని సరిపడునట్లు తొలిచినది కాదు. పొరుగూరి బండిచక్రము తెచ్చి మన ఇరుసుకు తొడిగినచో వదులైనను కావలెను, బిగువైనను కావలెను. దీనిని ఎవరును లోపమని తలచలేదు. వడ్రంగి ఊరిలోనే యుండెను. వచ్చి చెక్కి సరిచేసెడివాడు. పూర్వము లోకమంతటను పనితన మీ విధముగనే యుండెను. తుపాకి, తాళము, గడియారము, ఏది విరిగినను దానికొఱకే మరియొక ముక్క చేసి, ఆకురాయితో రాచి రాచి ఇముడ్చుటయే పద్ధతి.

ఈ పద్ధతి యుద్ధభూమిలో పనికిరాదని మొదట గ్రహించినవారిలో ఫ్రాన్సు దేశస్థుడగు ఒనొరే బ్లాన్ అను తుపాకుల పనివా డొకడు. 1785లో అమెరికా ప్రతినిధిగా పారిసులో నున్న థామస్ జెఫర్సన్ అతని కర్మశాలకు పోయెను. బ్లాన్ ఏబది తుపాకుల యంత్రభాగములను విడదీసి, ఆయా భాగములను వేఱువేఱు గడులలో పోసి యుంచెను. జెఫర్సన్ చేతికి వచ్చిన ముక్కలను తీసి స్వయముగా కొన్నిటిని బిగించి చూచెను, అన్నియు ఇమిడినవి. ఆ విస్మయమును అతడు స్వదేశమునకు లేఖగా వ్రాసెను. ఫ్రాన్సులో ఆ విద్య నిలువలేదు గాని, అమెరికా ఆయుధశాలలలో మెల్లగా వేరుపాఱినది. అటువంటి ఆయుధశాలలలో నొకటియగు స్ప్రింగ్‌ఫీల్డులో పనిచేసి, కొలతల నియమము నేర్చిన హెన్రీ లీలండ్ అనువాడు పిమ్మట కాడిలాక్ మోటారుబండ్ల కర్మాగారమునకు పెద్ద యయ్యెను. తుపాకి విద్య మోటారుకు వచ్చిన త్రోవలలో ఇది యొకటి.

1908లో ఇంగ్లండులో జరిగిన పరీక్ష వినదగినది. లండను చేరువనున్న బ్రూక్‌లాండ్స్ పందెపు బాటకు మూడు కాడిలాక్ బండ్లను తెచ్చిరి. అచ్చటి రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి సమక్షమున వానిని ముక్కముక్కలుగా విప్పి, మూడు బండ్ల భాగములను ఒకే కుప్పగా కలిపివేసిరి. కుప్పలోనుండి కొన్ని భాగములను తీసివేసి, వాని స్థానమున దుకాణములోని విడిభాగములనుంచిరి. తరువాత మామూలు పనిముట్లతో, ఆకురాయి ముట్టకుండ, మరల మూడు బండ్లను నిలిపిరి. అవి ఒక్కొక్కటి 500 మైళ్లు పరుగెత్తినవి. ఆ యేటి డ్యూవర్ బహుమానము ఆ సంస్థకు వచ్చెను. అంతవరకు ఆంగ్లేయులు అమెరికా బండ్లను చవుకబారువని చులకనచేయుచుండిరి. తమ బండ్లలో ఏ రెండును సరిగా ఒక్కటి కావన్న సంగతి వారికప్పుడు నొచ్చియుండును.

అదే 1908లో హెన్రీ ఫోర్డు తన 'టి' బండిని విడుదల చేసెను. 1927లో దానిని నిలుపునాటికి కోటిన్నరకు మించి బండ్లు తయారైనవి. ఫోర్డు బండికి ఏ పల్లెలోనైనను విడిభాగము దొరకునని ఖ్యాతి వచ్చినది. అది యంత్రము విషయమున చాలవరకు సత్యము. రేకు విషయమున కాదు. 1917లో ఇత్తడి రేడియేటరు పోయి నల్లని తొడుగు వచ్చినపుడు దాని వెనుకనుండు బానెట్టును, మడ్‌గార్డులును మారినవి. 1926 నమూనాకు గూడే మారిపోయినది. పేరు మాత్రము 'టి' యే. నా మేనల్లుని ప్రశ్నను అప్పటి అమెరికా రైతు కూడ తన దుకాణదారుని తప్పక అడిగియుండును.

యంత్రభాగమునకును, పైరేకునకును ఈ భేదమేల అన్నచో, దానిని కొంచెము నిదానముగా చూడవలెను. మొదటి మోటారుల పైగూడు కఱ్ఱచట్రము. గుఱ్ఱపుబండ్లు చేసిన వడ్రంగులే దానిని కట్టి, పైన రేకును సుత్తితో సాగగొట్టి మేకులతో బిగించెడివారు. అట్టి గూడులలో ఒకదాని తలుపు మరియొకదానికి పట్టునని ఎవడును ఆశింపలేదు. 1912లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఎడ్వర్డ్ బడ్ అనువాడు ఉక్కురేకులతోనే గూడు మొత్తము చేయు సంస్థను స్థాపించెను. 1914నుండి డాడ్జి బండ్లకు అతని ఉక్కు గూడులు వచ్చినవి. పని ఇట్లుండును: మన ఇంటి స్త్రీలు కజ్జికాయల చెక్క వాడుదురు గదా, అటువంటి ఉక్కు అచ్చులు రెండు, నడుమ చదునైన రేకు. పైయచ్చును వందల టన్నుల బరువుతో దింపగా రేకు ఒక్క క్షణమున తలుపగును. ఆ యచ్చులో వేయి తీసినను, పదివేలు తీసినను, అన్నియు ఒకే తీరు.

ఇచ్చట కీలకమున్నది. అట్టి అచ్చు చేయుటకు విపరీతమైన వ్యయము. కనుక కర్మాగారమువారు ఒకసారి చేసిన అచ్చును ఏండ్లతరబడి విడువరు. విడిచినపుడు మాత్రము పాతరేకు ఒక్కటియు క్రొత్తగూటికి పట్టదు. ఇంజను అచ్చు వేఱు, గూటి అచ్చు వేఱు. ఒకటి మారకయే మరియొకటి మారవచ్చును. పేరు ఈ రెంటికిని చెందినది కాదు. అది అమ్మకమునకు పెట్టిన పేరు.

ఈ విద్య మనదేశమునకు వచ్చిన త్రోవ చూతము. 1926లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరపు శివారగు కౌలీలో, విలియం మోరిస్ బడ్ సంస్థతో కలిసి, ప్రెస్డ్ స్టీల్ అను రేకుల కర్మాగారమును నెలకొల్పెను. మోరిస్ బండ్లకు ఉక్కు గూడులు అచ్చటినుండియే వచ్చినవి. మనదేశమున 1942లో బిర్లాలు స్థాపించిన హిందూస్తాన్ మోటార్సు సంస్థ గుజరాతు తీరమున ఓఖారేవులో పని ప్రారంభించి, 1948లో వంగదేశమున ఉత్తరపారాకు చేరినది. వారు మోరిస్ నమూనాలనే చేసిరి. మోరిస్ ఆక్స్‌ఫర్డు రెండవ శ్రేణి ఇచ్చట 'లాండ్‌మాస్టర్' అయినది. మూడవ శ్రేణి ఇంగ్లండులో 1956లో పుట్టి 1959లో ముగిసినది. అదియే ఇచ్చట 1957-58లో 'అంబాసిడర్' అను పేర అవతరించి, 2014 మే నెలలో ఉత్తరపారాలో పని నిలుచువరకు జీవించినది. పుట్టినింట మూడేండ్లు, మెట్టినింట ఏబదియాఱేండ్లు!

ఆ దీర్ఘాయువు వలన మనవారికి గొప్ప సౌకర్యము కలిగినది. అంబాసిడరు నడుమగూడు ఇంచుమించుగా మారలేదు. తాతగారి బండి తలుపు మనుమని బండికి పనికివచ్చినది. ఏ సంతవీధిలోని టింకరునకైనను ఆ బండి శరీరము కంఠస్థము. మా ఊరినుండి అరకు పోవు అద్దెబండ్లలో ఒకప్పుడు అంబాసిడరుదే పెద్దపీట. అయితే అందును చిక్కు లేకపోలేదు. మార్కు రెండు, మార్కు మూడు, మార్కు నాలుగు అని ముందుభాగపు రూపు మారుచు వచ్చినది. 1975లో ఒకమారు, 1979లో మరియొకమారు ముందు జాలియు, దీపముల అమరికయు మారినవి. కాబట్టి తలుపు విషయమున కన్నుమూసికొని కొనవచ్చునని భావించినవాడు ముందురేకు విషయమున మోసపోయెడివాడు. మరియొక మాట: అచ్చు కూడ అరుగును. ఎడతెగక వాడిన అచ్చులనుండి వచ్చిన రేకుల అంచులు మొదటివానివలె ఇమిడెడివి కావనియు, క్రొత్త తలుపుకంటె పాతబండినుండి విప్పిన తలుపే మేలనియు వృద్ధులగు టింకరులు చెప్పుకొనెడివారు. ఇది విని నేను మొదట నవ్వితిని. ఇప్పుడు నవ్వను.

బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్సు సంస్థను వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించెను. వారు ఇటలీదేశపు ఫియట్ 1100ను తెచ్చిరి. తొలి ఫియట్టులలో ముందు తలుపునకు బందులు వెనుకవైపున నుండెడివి; తలుపు ముందంచునుండి తెఱచుకొనెడిది. పరుగెత్తుబండిలో గొళ్ళెము ఊడినచో గాలి ఆ తలుపును విరుచుకొనిపోవునని భయము. 1960 తరువాతి దశకమున 1100 డి రకము వచ్చుసరికి బందులు ముందువైపునకు మారినవి. అదియే పిమ్మట 'ప్రెసిడెంట్', 'పద్మిని' అను పేర్లు దాల్చినది. ఇచ్చట చిత్రమేమనగా, మొదటిచోట పేరు 'ఫియట్ 1100' అనియే యుండి తలుపు తలక్రిందయినది. రెండవచోట పేరు మారినను తలుపు మారలేదు. నామరూపములు మాయ యని వేదాంతులు చెప్పుదురు. పాత సామానుల వీధిలో అది అక్షరాల నిజము.

అంబాసిడరు మేకులు అంగుళపు కొలతవి, ఫియట్టువి మిల్లీమీటరు కొలతవి. రెండిటి పానాలును వేఱు. ఒకదాని మేకును మరియొకదాని రంధ్రమున బలవంతముగా త్రిప్పి మరచుట్టు చెడగొట్టిన శిష్యులను గురువులు తలపై మొట్టుటను నేను చూచియున్నాను.

ఇక మారుతీ. 1983 డిసెంబరు 14వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మొదటి మారుతీ 800 తాళపుచెవులను హర్‌పాల్ సింగ్ అను గృహస్థునకు అందించెను. జపానులోని సుజుకీ సంస్థవారి నమూనాయది. ఆ గూడు మనదేశమున మూడేండ్లలోపలనే ముగిసినది. 1986లో సుజుకీవారి తరువాతి గూడు వచ్చెను. ఇంజను అదే కుదురునకు చెందిన మూడు సిలిండర్ల 796 ఘనసెంటీమీటర్లది. పేరు 800 యే. కాని ముందుచక్రమునకును వెనుకచక్రమునకును నడుమ దూరము పాతదానిలో 2150 మిల్లీమీటర్లు, క్రొత్తదానిలో 2175. అంగుళమంత తేడా. ఆ రెండవ గూడు 2014 జనవరిలో ఉత్పత్తి నిలుచువరకు సాగినది గనుక, లోకములో మారుతీ 800 అన్నచో ఎవరికైనను అదియే మనస్సున మెదలును. మా మేనల్లుని బండి మొదటి గూటిది. వాడు తెచ్చిన ఎఱ్ఱతలుపు రెండవ గూటిది.

వానికి నాడు ఈ మాట చెప్పినవాడు నేను కాదు, మా టింకరు. చదువు నాలుగవ తరగతితో ఆగినవాడు. "మేష్టారూ, బండిని పేరుతో అడగకూడదు, పుట్టిన సంవత్సరంతో అడగాలి" అన్నాడు. వేఱొక టింకరు ఆ ఎఱ్ఱతలుపును కోసి, అతుకువేసి, సుత్తితో నెట్టి, లప్పము పూసి నాలుగుదినములలో ఇచ్చెదనని ముందుకు వచ్చెను. మేనల్లుడు సిద్ధపడెను, కుదువలోని గాజులు వాని కన్నులయెదుట నుండెను. మావాడు మాత్రము ఒప్పుకొనలేదు. "బండిలో రోగులను కూర్చోబెడతావు. కొండమలుపులో గొళ్ళెం వదిలేస్తే తలుపు తెరుచుకొంటుంది. ఆ పాపం నాకొద్దు" అని చెప్పి పానాలు సంచిలో వేసికొనెను. కూలి పోగొట్టుకొని మాట నిలుపుకొన్నాడు.

అప్పుడతడు చేసిన పని నాకు కన్నులకు కట్టినట్లున్నది. చిరిగిన పాతతలుపును నేలపై వెల్లకిల పరచి, అట్టముక్కలు కత్తిరించి బందులచోట నొకటి, గొళ్ళెముచోట నొకటి అచ్చులు తీసెను. పై బందునకును క్రింది బందునకును నడుమ దూరమును, చట్టము మూలనుండి మూలకు ఐమూలగాను, దారముతో కొలిచి ముడులు వేసెను. బండి ఇంజనుగది లోపలనున్న రేకుబిళ్లనుండి చాసిస్ సంఖ్యను, రిజిస్ట్రేషను పుస్తకమునుండి తయారైన నెలయు సంవత్సరమును కాగితముపై నాచేత వ్రాయించెను. ఆ కాగితమును, దారమును, అట్టలను మేనల్లుని చేతికిచ్చి విజయవాడ పొమ్మన్నాడు.

విజయవాడ ఆటోనగరు మీలో లారీలున్నవారికి పరిచయమే. 1960 తరువాతి దశకమున, పట్టణపు వీధులలో చెదరియున్న మోటారు పనివారందఱిని ఒకచోటికి చేర్చి నిలిపిన పేట యది. చాసిస్ మాత్రము కొనితెచ్చినచో దానిపై లారీ గూడు మొత్తము కట్టి ఇచ్చు వడ్రంగులును, కమ్మరులును, రంగువేయువారును అచ్చటనున్నారు. ఒక్క ఇంజను రకమునకే బ్రతుకంతయు అంకితము చేసినవారు కలరు. విశాఖపట్టణమున గాజువాక చెంత ఆటోనగరును ఉన్నది. మేనల్లుడు విజయవాడలో రెండుదినములు తిరిగి, మూడవనాడు బూడిదరంగు తలుపొకదానిని కనుగొనెను. దారము ముడులు సరిపోయినవి, అట్టల రంధ్రములు సరిపోయినవి. అంచు క్రింద కొంచెము తుప్పుండెను. ధర ఎఱ్ఱతలుపులో సగమే.

ఆ నాటినుండి పాతరేకు కొనబోవు బంధువులకు నేను చెప్పుచుండు మాటలు కొన్ని గలవు. అమ్మువాని నోటిమాట నమ్ముట మాని, ఆ రేకు ఏ బండినుండి విప్పినదో, ఆ బండి తయారైన సంవత్సరమేదో అడుగవలెను. చెప్పలేనివాని యొద్ద కొనకుండుట మేలు. రేకు లోపలివైపున కొన్నిటికి భాగపు సంఖ్య చీటిగానో, నొక్కిన అంకెలుగానో ఉండును. అది మన బండి భాగపు సంఖ్యతో కలిసినచో సగము సందేహము తీరును. ఈ కాలపు బండ్లకు పదునేడు అక్షరముల చాసిస్ సంఖ్య యుండును. కంపెనీ దుకాణమువారికి దానిని చూపినచో ఆ బండికి ఏ రేకు వచ్చినదో తమ పట్టికలో చూచి చెప్పగలరు. రేకు మరియొకచోట కొన్నను ఆ సంఖ్య పనికివచ్చును.

కుడి యెడమలు చూచుకొనుమని వేఱుగా చెప్పనక్కరలేదనుకొందురు. కాని ఎడమ మడ్‌గార్డును కుడిదని తెచ్చినవారిని నేనెఱుగుదును. రేకు ఇమిడినంతమాత్రమున సరిపోదు. అద్దము రంధ్రము, తాళము రంధ్రము, ప్రక్కదీపపు రంధ్రము, లోపల అద్దమును ఎత్తించు యంత్రము చేతితో త్రిప్పునదియో కరెంటుతో నడచునదియో చూడవలెను. నేటి బండ్ల బంపరులలో వెనుక అడ్డమున్నదని కూతపెట్టు బిళ్లలకు రంధ్రములుండును. ఒకే బండిలో ఖరీదుగల రకమునకుండి, చవుకరకమునకు లేకపోవచ్చును.

రేకు మంచిదో కాదో తెలిసికొనుటకు జేబులో చిన్న అయస్కాంతము నుంచుకొనుట మా టింకరు నేర్పిన ఉపాయము. ఉక్కుపై అది గట్టిగా అంటుకొనును; లోపల లప్పము దట్టముగా పూసినచోట వదులుగా జారును. అంచుల క్రిందను, మడతలలోను గోరుతో గీచి తుప్పు చూడవలెను. నేలపై పరచి మూలలనుండి దృష్టి సారించినచో మెలిక తెలియును.

ముఖ్యమైన భేదమింకొకటి. బానెట్టు, తలుపులు, డిక్కీమూత, చాల బండ్లలో ముందు మడ్‌గార్డులు మేకులతో బిగించినవి. విప్పి మరల బిగించవచ్చును. పైకప్పు, వెనుక ప్రక్కరేకు, తలుపుల నడుమ కంబములు అతికినవి. అవి బండికి అలంకారము కాదు, ఎముకలు. వానిని ఒక బండినుండి కోసి మరియొకదానికి అతుకుట సామాన్యుని పని కాదు. రెండు గుల్లబండ్ల సగములను కలిపి ఒక బండిగా నమ్మువారున్నారు. రంగు క్రింద ఆ అతుకు కనబడదు.

దొంగబండ్లను విప్పి ముక్కలుగా అమ్ముట ఎప్పటినుండియో యున్న దురాచారము. దొంగసొత్తని తెలిసియు, లేక తెలియుటకు తగిన కారణముండియు కొన్నవాడు నేరస్థుడే యగును. 2021లో కేంద్రప్రభుత్వము కాలముతీరిన బండ్లను విప్పుటకు నమోదుపొందిన తుక్కుశాలలుండవలెనని నియమములు చేసినది. ఏ దుకాణమైనను రసీదిచ్చుటకు వెనుదీసినచో మనమును వెనుదీయవలెను.

మేనల్లుని సంగతి ముగించెదను. బూడిదరంగు తలుపు ఒక్క పూటలో బిగిసినది. టింకరు దానిని ముమ్మారు తెఱచి మూసి, గొళ్ళెము పడు శబ్దమును చెవియొగ్గి విని, "ఇదీ" అన్నాడు. బండి తెల్లనిది, రంగువేయుటకు డబ్బు చాలక, ఆ బూడిదరంగు తలుపుతోనే చాల నెలలు తిరిగినది. ఊరిలోని పిల్లలు దానిని ఒంటిరెక్క కొంగ యని పిలిచిరి. రాత్రివేళ రోగముతో పిలుచువారు కూడ, "ఆ కొంగబండి పంపించండి" అని మా ఇంటికి కబురు చేయుచుండిరి. గాజులు మరుసటి సంక్రాంతికి విడిపించినాడు.

ఎఱ్ఱతలుపు మా పెరటిలో గోడకు చేరగిలబడి మూడు వానకాలములు నిలిచినది. 1997లో పొరుగూరి ఉపాధ్యాయుడొకరు తన 1989 నాటి మారుతీకి తలుపు కావలెనని విచారించుచు వచ్చిరి. నేను దారమును తెచ్చి, ముందు వారి బండి పుస్తకము చూపుమంటిని.